అంగుళానికి అడుగు

శ్రోతలకు నమస్కారం.

మా కాలనీ చెరువు గట్టు మీద నడకకీ సైకిళ్లకీ కలిపి ఒక బాట వేశారు. ప్రారంభోత్సవం రోజున సన్నాయి మేళం, లడ్డూలు, బోలెడు హడావిడి. మా వీధి లెక్కల మాస్టారు చక్రాల కుర్చీలో వచ్చారు. వెనకనుంచి మనవడు తోస్తున్నాడు. వచ్చి, మొదట్లోనే ఆగిపోయారు.

అక్కడ మూడు ఇనుప గొట్టాలు పాతారు మరి. మోటారు సైకిళ్లు రాకూడదని! కుర్రాళ్లు హ్యాండిల్ కాస్త వంచి, సందులోంచి బండి దూర్చేశారు. కుర్చీకి వంచడానికి హ్యాండిల్ ఎక్కడిది? "పర్లేదులే నాయనా, గాలి ఇక్కడికీ వస్తోంది" అన్నారాయన. నాకు మాత్రం ఆ లడ్డూ గొంతు దిగలేదు.

నాలుగు వారాలు తిరిగితే మధ్య గొట్టం పీకారు. సందు నాలుగడుగులైంది. బండ్లు వస్తే? వాచ్‌మన్ ఉన్నాడు, ఆపుతాడు. గొట్టాలతో బండిని ఆపబోతే ఆగేది కుర్చీయే.

ఇక మిగిలింది మెట్టు. ఆరంగుళాల మెట్టు. మేస్త్రి వచ్చి, అడుగున్నర పొడవున సిమెంటు పోసి, "ర్యాంపు అయిపోయింది సార్" అన్నాడు. మనవడు తోశాడు. కుర్చీ ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. మా అందరి గుండెలూ జారిపోయాయి. మాస్టారు మాత్రం తాపీగా మేస్త్రిని పిలిచి పాఠం మొదలుపెట్టారు.

"అంగుళం ఎత్తుకు అడుగు వాలు కావాలి. ఆరంగుళాలకు ఎంత?"

మేస్త్రి బుర్ర గోక్కున్నాడు. "ఆరడుగులండీ."

"మరి నువ్వెంత పోశావు?"

మేస్త్రి గునపం అందుకున్నాడు.

ఇది మాస్టారు కనిపెట్టిన లెక్క కాదు. ఒకటికి పన్నెండు అని ప్రమాణాల్లో ఉన్నదే. కానీ అలా చెబితే ఎవరికి గుర్తుంటుంది? అంగుళానికి అడుగు. ఇంతే. మీ వీధిలో పని జరుగుతుంటే టేపు పట్టుకుని వెళ్లి మీరే కొలవండి. అంగుళానికి అడుగు.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. 2023లో తెరిచారు. నెత్తిన సోలార్ పలకల కప్పు, ఎండ తగలదు. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. అయినా నా ఓటు ఇంటి ముందు బాటకే. కారు మీద సైకిలు కట్టుకుని అంతదూరం ఎవరు పోతారండీ రోజూ!

చూపులేనివారి కోసం పరిచే పసుపు పలకలు చూసే ఉంటారు. గీతలుంటే నడవొచ్చు, చుక్కలుంటే జాగ్రత్తపడాలి. ఒకచోట ఆ గీతలు తిన్నగా కరెంటు స్తంభం దాకా తీసుకెళ్లడం నేను కళ్లారా చూశాను. వేసినాయన కళ్లు మూసుకుని వేశాడేమో.

మా ఆరడుగుల వాలు మీద ఇప్పుడు పసిపిల్లల బండ్లూ ఎక్కుతున్నాయి, మోకాళ్ల నొప్పుల అమ్మలూ ఎక్కుతున్నారు. మాస్టారు రోజూ సాయంత్రం ఐదున్నరకి వస్తారు. నిన్న ఆ వేళకి చూస్తే వాలుకు అడ్డంగా ఒక కారు! మా పక్కింటివాళ్లదే. వెళ్లి బెల్ కొట్టాను.