దిండు కింద వెచ్చగా దొరికిన ట్యాబ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఇక్కడ టైం రాత్రి తొమ్మిదిన్నర. వెనక డిష్‌వాషర్ మోత వినిపిస్తుంది, కాస్త సర్దుకోండి. పిల్లాడు పడుకున్నాకే నాకు మాట్లాడే వీలు దొరుకుతుంది. పడుకున్నాడని నేను అనుకున్నాక అనాలేమో! ఈ రోజు కబురు అదే.

మూడు వారాల కింద, రాత్రి పదకొండు దాటాక దుప్పటి సరిచేద్దామని వాడి గదిలోకి వెళ్లాను. కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. మరీ గట్టిగా. నిజంగా నిద్రపోయే పిల్లల కనురెప్పలు అలా ముడతలు పడవు. దిండు కింద చెయ్యి పెడితే ట్యాబ్ తగిలింది. స్క్రీన్ ఆఫ్‌లోనే ఉంది, వెనకవైపు మాత్రం ఇంకా వెచ్చగా ఉంది. ఏమీ అనకుండా తీసుకుని బయటికొచ్చేశాను. అప్పుడు గుర్తొచ్చింది డాక్టర్‌గారి ప్రశ్న.

అంతకు వారం ముందే వాడి ఏడాది చెకప్ అయింది. తొమ్మిదేళ్లు వాడికి. గ్రోత్ చార్ట్ చూపించి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గట్టు బరువు ఉందా అని చూసే లెక్క, దాని పర్సంటైల్ 85 దాటిందన్నారు ఆవిడ. బరువెంతో ఇక్కడ చెప్పను, అది వాడి సొంత విషయం. పెద్దవాళ్లకి చూసినట్టు పిల్లలకి బీఎంఐ అంకె ఒక్కటే చూడరట. అదే వయసు పిల్లల్లో, మగపిల్లలైతే మగపిల్లలతో, ఆడపిల్లలైతే ఆడపిల్లలతో పోలుస్తారు. పర్సంటైల్ 85 అంటే వందమందిలో 85 మంది కంటే బీఎంఐ ఎక్కువని. ఆవిడ చార్టులో 85 నుంచి 95 లోపు అధిక బరువు, 95 ఆపైన ఒబేసిటీ. నేను వెంటనే వాడు ఏం తింటాడో, ఎంత తింటాడో ఏకరువు పెట్టాను. ఆవిడ అంతా విని, ‘ఎన్నింటికి పడుకుంటాడు?’ అన్నారు. ‘తొమ్మిదికల్లా అండీ’ అన్నాను ధీమాగా. ‘రాత్రి ట్యాబ్ ఎక్కడుంటుంది?’ అంటే, ‘వాడి గదిలోనే, ఛార్జింగ్‌లో’ అన్నాను. ఆవిడ ఏదో రాసుకున్నారు.

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెప్తారు. మావాడు ఆరున్నరకి లేవాలి. పదకొండున్నరకి పడుకుంటే ఏడు గంటలే! తొమ్మిదికి లైటు తీసి నేను హాయిగా సోఫాలో కూర్చున్న రోజులన్నీ గుర్తొచ్చి ఒళ్లు మండింది, నా మీద నాకే.

స్క్రీన్ వెలుతురు, అందులోనూ నీలిరంగు వెలుతురు, నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోన్‌ని అణిచేస్తుందని మీరు వినే ఉంటారు. పిల్లల కంటిపాప పెద్దది, లోపలి లెన్స్ స్వచ్ఛంగా ఉంటుంది. అందుకే అదే వెలుతురు వాళ్లమీద ఎక్కువ పనిచేస్తుంది. నేనూ నైట్ మోడ్ పెట్టేసి చేతులు దులుపుకున్నాను. స్క్రీన్ పసుప్పచ్చగా మారింది కానీ ‘ఇంకొక్క లెవెల్’ మారలేదు కదా! నన్నడిగితే ఆ ఇంకొక్క లెవెలే అసలు దొంగ.

మరి నిద్రకీ బరువుకీ ఏంటి సంబంధం? 2004లో కుర్రాళ్ల మీద ఒక స్టడీ చేశారు. రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి, పదేసి గంటలు పడుకోనిచ్చిన రాత్రులతో పోల్చారు. నిద్ర తక్కువైనప్పుడు ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ 28 శాతం పెరిగింది, ఇక చాలు అని చెప్పే లెప్టిన్ హార్మోన్ 18 శాతం తగ్గింది. వాళ్లు పెద్దవాళ్లు, సరే. 2013లో 8 నుంచి 11 ఏళ్ల పిల్లలు 37 మందితో ఇంకోటి జరిగింది. ఒక వారం రోజూ గంటన్నర ఎక్కువ నిద్ర, ఇంకో వారం గంటన్నర తక్కువ. ఎక్కువ పడుకున్న వారంలో రోజుకి సగటున 134 కేలరీలు తక్కువ తిన్నారు, బరువు కూడా 0.22 కిలోలు తక్కువ తూగారు. తిండి మానిపించలేదు, పరిగెత్తించలేదు. నాకు ఇది చదివాక టెన్షన్ సగం దిగింది.

అలాగని ట్యాబ్ వల్లే మావాడు లావయ్యాడని నేననట్లేదు. నిద్రపట్టని పిల్లలే ట్యాబ్ పట్టుకుంటారేమో, అదీ ఉండొచ్చు.

అసలు ట్యాబ్ ఆ గదిలోకి ఎలా చేరిందనుకుంటున్నారు? మా అమ్మతో వీడియో కాల్ కోసం. మాకు రాత్రి అయితే అక్కడ తెల్లవారుతుంది. కాల్ అయ్యాక అది అక్కడే ఉండిపోయేది. టైం మారుద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. ‘వాడి మొహం చూడకపోతే నాకు తెల్లారినట్టే ఉండదే’ అంది. బరువు సంగతి చెప్తే, ‘బరువా? చిక్కి సగమయ్యాడు!’ అంది. నాలుగు రోజులు అలిగి, చివరికి మా పొద్దుటి టైముకి, అంటే తన సాయంత్రానికి, ఒప్పుకుంది. ఇప్పుడు వాడు షూ లేసులు కట్టుకుంటూ మాట్లాడతాడు. అమ్మకి ఎక్కువగా వాడి నడినెత్తే కనిపిస్తోంది, పాపం.

ట్యాబ్ ఛార్జర్‌ని హాల్లో పెట్టాను. పడుకోవడానికి గంట ముందే అక్కడికి చేరాలి. మొదటి వారం పదిన్నర దాకా మంచం మీద దొర్లాడు, మూడుసార్లు మంచినీళ్లకి లేచాడు, ఒకసారి ఏడ్చాడు కూడా. ఇప్పుడు తొమ్మిదిన్నరలోపే గురక వినిపిస్తోంది. ఇదివరకు స్కూల్ నుంచి రాగానే బ్యాగ్ భుజాన ఉండగానే చిరుతిళ్ల అల్మరా తలుపు తీసేవాడు. ఈ వారం రెండు రోజులు దాని ఊసే లేకుండా బంతి పట్టుకుని బయటికి పోయాడు. బరువు తూచలేదు. మళ్లీ చెకప్ దాకా తూచను కూడా.

ఒక్కటే ఇబ్బంది. హాల్లో ఆ ప్లగ్‌బోర్డుకి నాలుగు సాకెట్లున్నాయి. రెండో రోజే వాడు లెక్కపెట్టి, ‘మిగతా మూడూ ఎవరివి?’ అన్నాడు. అలా నా ఫోనూ వాళ్ల నాన్న ఫోనూ అక్కడికే చేరాయి. నిన్న పొద్దున లేచి నా ఫోన్ చూశాడు. 61 శాతమే ఉంది. ‘అమ్మా, రాత్రి ఎన్నింటికి పెట్టావు?’ అన్నాడు. ఎడిటింగ్ అని చెప్తే ఊరుకుంటాడా! అందుకే ఈ వీడియో ఇక్కడితో ఆపేస్తున్నా, మిగతాది రేపు పగలు చూసుకుంటా. బై అండీ.