ఆరు వేరు, ఆరేసి వేరు

అందరికీ నమస్కారం. ఇక్కడున్న మీరంతా చిన్న తరగతులకు చెప్పేవాళ్లే కాబట్టి నేరుగా విషయానికి వచ్చేస్తాను.

"నాలుగు డబ్బాలున్నాయి, ఒక్కో డబ్బాలో ఆరేసి పెన్సిళ్లున్నాయి, మొత్తం ఎన్ని?" అని అడగండి. ఆరో ఎక్కం గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా కొందరు పది అంటారు. నాలుగు, ఆరు కనిపించాయి, "మొత్తం" అనే మాట వినిపించింది, కూడేశారు. మొత్తం అంటే కూడిక అని నేర్పింది మనమే కదా! నేనూ చాలాకాలం అలాగే నేర్పాను, ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది.

1979లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు, ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉంటే కెప్టెన్ వయసెంత అని చిన్నపిల్లల్ని అడిగారు. 97 మందిలో 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒక జవాబు తేల్చేశారు. వాళ్లు తెలివితక్కువ పిల్లలు కారు, లెక్కంటే అంకెల్ని ఏదో ఒకటి చేయడమే అనుకున్నారంతే.

అందుకే నేను ముందు బొమ్మ గీయమంటాను. ఒకసారి రెండో తరగతి పాప నాలుగు డబ్బాలు గీసి, పక్కన ఆరు పెన్సిళ్లు గీసింది. "ఇవి ఏ డబ్బాలోవమ్మా?" అంటే మొదటి దాంట్లో పెట్టింది. "మరి మిగతా మూడూ ఖాళీయేనా?" అన్నాను. మళ్లీ లెక్క చదువుకుంటూ "ఆరేసి" దగ్గర ఆగిపోయింది, కాసేపు దాన్నే చూసి, తలవంచుకుని అన్ని డబ్బాలూ నింపింది. తర్వాత ఒక్కొక్కటే వేలు పెట్టి లెక్కపెట్టింది, నేను తొందరపెట్టలేదు. 6, 12, 18, 24 అని దూకడం ఇంకో వారానికి వచ్చింది, ఎక్కం ఆ తర్వాత.

మన భాషలో ఆ "ఏసి" ఎంత గొప్పదో చూడండి, గుణకారం అంతా అందులోనే ఉంది. అలాగని "ఏసి కనిపిస్తే గుణించు" అని మాత్రం చెప్పొద్దు. "24 పెన్సిళ్లను డబ్బాకు ఆరేసి పెడితే ఎన్ని డబ్బాలు కావాలి?" అన్న లెక్కలోనూ అదే మాట ఉంది, కానీ అది భాగహారం! మాట పట్టుకుంటే మోసపోతారు, బొమ్మ పట్టుకుంటే దారి దొరుకుతుంది.

ఎక్కాలు వద్దని కాదు, కావాలి. కానీ ఏడెనిమిదులు మర్చిపోయిన పిల్లాడు టెన్షన్ పడకుండా, ఐదెనిమిదులు 40, రెండెనిమిదులు 16, కలిపితే 56 అని తనే కట్టుకోగలగాలి. ఎనిమిదేసి చుక్కల వరుసలు ఏడు పెట్టి, ఐదో వరుస కింద గీత గీస్తే అది కంటికే కనిపిస్తుంది.

రేపు క్లాసులో 3 × 5 అని బోర్డు మీద రాసి, జవాబు అడక్కుండా దీనికి ఒక కథ చెప్పమనండి. "మూడు పిల్లులు, ఐదు పిట్టలు" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. తప్పు అనకండి, ఆ కథకే బొమ్మ గీయమని చాక్‌పీస్ చేతికివ్వండి.