డ్రాఫ్ట్‌లో ఎవరిని తీసుకోవాలి: అభిమానుల వాదన, దాని వెనుక లెక్క

సభకు నమస్కారం.

ఏప్రిల్ వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల ఆఫీసుల్లోనూ, రేడియో చర్చల్లోనూ, వారాంతపు విందుల్లోనూ ఒకే ప్రశ్న తిరుగుతూ ఉంటుంది: మన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ ఈసారి డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్ల ఎంపికలో, ఎవరిని తీసుకోవాలి? పోటీలు సెప్టెంబరులో గాని మొదలు కావు. అయినా ఈ వాదనలోని వేడి పోటీలు నడిచే రోజుల్లో కూడా ఒక్కొక్కప్పుడు కనిపించదు. ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో వంటి ఊళ్లలో స్థిరపడిన మన కుటుంబాల్లో ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు ఈ వాదనలో నిండా మునిగి ఉంటారు. క్రికెట్‌తో పెరిగిన పెద్దలకు మాత్రం, వృత్తి ఆటలో ఇంకా అడుగే పెట్టని కుర్రవాళ్ల గురించి ఇంత పోట్లాట ఎందుకో బోధపడదు. ఆ రెండు తరాలూ ఈ హాల్లో ఉన్నాయి గనుక నేను చెప్పదలచినది ముందే చెబుతాను. అభిమానులు పేరు గురించి వాదిస్తారు, ఆ పేరు కోసం చెల్లించే వెల గురించి చాలా తక్కువగా వాదిస్తారు. జట్ల భవిష్యత్తు ఎక్కువగా తేలేది ఆ వెల దగ్గరే.

పెద్దల కోసం పద్ధతి కొంచెం వివరించాలి. ఐపీఎల్ వేలం మనకు తెలుసు: అన్ని జట్లకూ ఒకే మొత్తం డబ్బు పరిమితి, ఎక్కువ పాడినవారికి ఆటగాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అలా కాదు. కాలేజీ జట్లలో ఆడి బయటికి వచ్చే కుర్రవాళ్లను 32 జట్లు ఏడు రౌండ్లలో వరుసగా ఎంచుకుంటాయి. కిందటి ఏడాది అందరికంటే అధమంగా ఆడిన జట్టు ముందు ఎంచుకుంటుంది, విజేత చిట్టచివర. ఏ ఊరికి వెళ్లాలన్నది ఆటగాడి చేతిలో ఉండదు. ఈ ఆలోచన ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బెర్ట్ బెల్‌ది. డబ్బున్న జట్లే మంచి ఆటగాళ్లందరినీ ఎగరేసుకుపోతుంటే, ఓడిపోయే జట్టు ఎప్పటికీ ఓడిపోతూనే ఉంటుందని ఆయన వాదించారు. ఆయన జట్టు అప్పట్లో ఓడిపోయే జట్లలోనే ఉండేదన్నది కూడా గుర్తుంచుకోదగ్గ విషయమే. 1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలోని రిట్జ్-కార్ల్టన్ హోటల్లో తొలి డ్రాఫ్ట్ జరిగింది. అందులో మొట్టమొదట ఎంపికైన జే బెర్వాంగర్ జీతం విషయంలో పొసగక ఈ లీగులో ఒక్క పోటీ కూడా ఆడలేదు. డ్రాఫ్ట్‌లో నమ్మకం పెట్టుకోవడం ఎంత ప్రమాదమో మొదటి పేరుతోనే తేలిపోయిందన్న మాట.

ఇప్పుడు వాదనకు వద్దాం. ఏ ఊరిలోనైనా అభిమానులు రెండు పక్షాలు. జట్టులో ఎక్కడ ఖాళీ ఉందో ముందు అది పూడ్చాలని ఒక పక్షం, ఖాళీలతో పని లేదు, అందుబాటులో ఉన్నవారిలో అందరికంటే గొప్ప ఆటగాడిని తీసుకోవాలని రెండో పక్షం. 2016లో డాలస్‌లో ఇది నిలువునా చీలిన వాదన. కిందటి ఏడాది కౌబాయ్స్ 16 ఆటల్లో 12 ఓడిపోయి, నాలుగో స్థానంలో ఎంచుకునే హక్కు సంపాదించుకున్నారు. బంతి పట్టుకుని పరుగెత్తే ఎజీకియల్ ఎలియట్ కావాలా, ప్రత్యర్థి పాసులను అడ్డుకునే జేలెన్ రామ్సీ కావాలా? జట్టు ఎలియట్‌ను తీసుకుంది; రామ్సీ ఐదో స్థానంలో జాక్సన్‌విల్‌కు వెళ్లాడు. ఎలియట్ మొదటి ఏడాదే 1,631 గజాలు పరుగెత్తి లీగు మొత్తానికి అగ్రస్థానంలో నిలిచాడు, 2018లోనూ నిలిచాడు. 2023 మార్చి నాటికి అతనిని జట్టు వదిలేసింది. రామ్సీ మరో జట్టులో చేరి లీగు ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచాడు. ఎలియట్ లాంటి రన్నింగ్ బ్యాక్‌ల ఆయుష్షు ఈ ఆటలో తక్కువ అని ముందే చెప్పామని ఒకరు, ఆ మొదటి మూడేళ్లూ ఎవరివల్ల గెలిచామో చెప్పమని ఇంకొకరు. ఆ వాదన ఈనాటికీ తెగలేదు, తెగుతుందని నేను అనుకోను.

అయితే ఆ డ్రాఫ్ట్‌లో కౌబాయ్స్ భవిష్యత్తును నిజంగా నిర్ణయించింది నాలుగో స్థానం కాదు, 135వ స్థానం. క్వార్టర్‌బ్యాక్ కోసం, అంటే పాసులు విసురుతూ దాడిని నడిపే ఆటగాడి కోసం, జట్టు మొదట పాక్స్టన్ లించ్ మీద కన్నేసింది. డెన్వర్ వారు వేరే జట్టుతో ఎంపిక హక్కులు మార్చుకుని ముందుకు జరిగి 26వ స్థానంలో అతనిని తన్నుకుపోయారు. తరువాత కానర్ కుక్ అనుకున్నారు. అతనిని 100వ స్థానంలో రైడర్స్ తీసుకున్నారు. ఆశలు రెండూ పోయాక, నాలుగో రౌండులో డాక్ ప్రెస్కాట్ పేరు రాశారు. ఆ ఏడాది పోటీలకు ముందు అప్పటి క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో గాయపడగా, ప్రెస్కాట్ జట్టును 13 విజయాల దాకా నడిపాడు. డ్రాఫ్ట్ నాటి ఒప్పందం ప్రకారం నాలుగేళ్లకు కలిపి అతని జీతం దాదాపు 27 లక్షల డాలర్లు; 2024లో కుదిరిన ఒప్పందంలో ఏడాదికి 6 కోట్ల డాలర్లు. ప్రతి జట్టుకూ జీతాల మీద గరిష్ఠ పరిమితి ఉన్న ఈ లీగులో, మంచి ఆటగాడు చవకగా దొరికే నాలుగేళ్లు ఎంత విలువైనవో ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. డ్రాఫ్ట్ మీద ఇంత ఆరాటం ఉండడానికి అసలు కారణం ఇదే. లించ్ కోసం ఇంకాస్త ఎక్కువ ఇచ్చి ఉండాల్సిందని యజమాని జెర్రీ జోన్స్ అప్పట్లో బాహాటంగానే బాధపడ్డారు. లించ్ డెన్వర్‌లో రెండేళ్లకు మించి నిలబడలేదు.

యజమానే పొరబడగా లేనిది అభిమానులను తప్పుపట్టడం ఎందుకని మీరు అడగవచ్చు. నిజానికి అభిమానుల తీర్పులు మనం అనుకునేంత అధ్వానంగా ఉండవు. 1995లో న్యూయార్క్ జెట్స్ వంతు వచ్చినప్పుడు వారి అభిమానులు డిఫెన్సివ్ లైన్‌మన్ వారెన్ సాప్ కావాలని హాలు దద్దరిల్లేలా అరిచారు. జట్టు కైల్ బ్రేడీని తీసుకుంది. మూడు స్థానాల తరువాత టాంపా బే జట్టుకు వెళ్లిన సాప్ 2013లో ఆట మహామహుల జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. ఆ రోజు గ్యాలరీ చెప్పిందే వేదం.

దీనికి పూర్తిగా ఎదురు కథ 1999 నాటి ఫిలడెల్ఫియాది. కౌబాయ్స్ అభిమానుల మధ్య నిలబడి ఈగిల్స్ గురించి మంచి మాట చెప్పడం అంత క్షేమం కాదని తెలుసు, కానీ ఈ కథ చెప్పక తప్పదు. ఆ ఏడాది వారిది రెండో స్థానం. ఊరు ఊరంతా టెక్సస్ విశ్వవిద్యాలయపు రన్నింగ్ బ్యాక్ రికీ విలియమ్స్ కావాలని పట్టుపట్టింది; అప్పటి మేయరు ఎడ్ రెండెల్ కూడా ఆ పక్షమే. ఒక రేడియో కేంద్రం ప్రోద్బలంతో కొందరు అభిమానులు బస్సెక్కి న్యూయార్క్ దాకా వెళ్లారు. వేదిక మీద క్వార్టర్‌బ్యాక్ డానవన్ మెక్‌నాబ్ పేరు చదివారు. తన జీవితంలో అతి పెద్ద రోజున, తల్లిదండ్రుల ముందు, తాను ఆడబోయే ఊరివాళ్లే హేళనగా అరుస్తుండగా ఆ కుర్రవాడు వేదిక ఎక్కాడు. అతడే తరువాత ఆ జట్టును ఐదుసార్లు కాన్ఫరెన్స్ ఫైనల్‌కు, అంటే సూపర్ బౌల్‌కు ముందు మెట్టుకు, ఒకసారి సూపర్ బౌల్‌కు తీసుకువెళ్లాడు.

ఈ కథను సాధారణంగా ఇక్కడితో ఆపి, అభిమానులు మూర్ఖులని నవ్వేస్తారు. నాకు ఆసక్తి కలిగించేది తరువాతి మూడు స్థానాల్లో జరిగిన సంగతి. ఐదో స్థానంలో న్యూ ఆర్లియన్స్ కోచ్ మైక్ డిట్కా రికీ విలియమ్స్‌ను పట్టుకున్నారు. ఆ స్థానం కోసం వాషింగ్టన్ జట్టుకు ఆయన 1999లో తమకున్న ఎంపికలన్నీ ఇచ్చేశారు. అది చాలక 2000 సంవత్సరపు మొదటి రౌండు, మూడో రౌండు ఎంపికలు కూడా ముట్టజెప్పారు. ఆ ఏడాది జట్టు మూడు ఆటలే గెలిచింది, డిట్కా ఉద్యోగం పోయింది, వాషింగ్టన్‌కు చేరిన మొదటి రౌండు ఎంపిక మరుసటి ఏడాది రెండో స్థానమై కూర్చుంది. విలియమ్స్ చెడ్డ ఆటగాడా అంటే కాదు. 2002లో మయామీ తరఫున 1,853 గజాలతో లీగులో అగ్రస్థానంలో నిలిచాడు. ఆటగాడి గురించి డిట్కా అంచనా పెద్దగా తప్పలేదు. తప్పింది అతనికి కట్టిన వెల.

వెల కట్టడానికి ఒక కొలబద్ద మన డాలస్‌లోనే పుట్టింది. 1990ల తొలినాళ్లలో జిమ్మీ జాన్సన్ కోచ్‌గా ఉన్నప్పుడు, ప్రతి స్థానానికీ ఇన్ని మార్కులని కౌబాయ్స్ ఒక పట్టిక తయారు చేసుకున్నారు: మొదటి స్థానానికి 3,000, రెండో దానికి 2,600, 32వ స్థానానికి 590. తరువాత లీగు అంతా దాదాపు అదే పట్టికతో బేరాలాడింది. దానికి ముందే, 1989 అక్టోబరులో రన్నింగ్ బ్యాక్ హర్షెల్ వాకర్‌ను మిన్నెసోటాకు ఇచ్చి, మూడు మొదటి రౌండు ఎంపికలు, మూడు రెండో రౌండు ఎంపికలు, మరికొన్ని కూడా జాన్సన్ రాబట్టారు. అందులో ఒకదాన్ని పిట్స్‌బర్గ్‌తో మార్చుకుని 17వ స్థానానికి జరిగి తెచ్చుకున్నవాడే ఎమిట్ స్మిత్. 18,355 గజాలతో లీగు చరిత్రలో అందరికంటే ఎక్కువ పరుగెత్తిన ఆటగాడు. వాకర్‌ను ఇచ్చేసిన ఏడాది కౌబాయ్స్ ఒకే ఒక్క ఆట గెలిచారు. ఆ తరువాతి దశకంలో మూడు సూపర్ బౌల్స్ గెలిచారు.

ఆర్థిక శాస్త్రజ్ఞులు కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ ఈ బేరాలను లెక్కకట్టి చూశారు. ఒకే స్థానంలో ఆడే ఇద్దరు వెంటవెంట ఎంపికైతే, ముందు ఎంపికైనవాడు రెండోవాడి కంటే మెరుగ్గా ఆడే అవకాశం వారి లెక్కలో సుమారు 52 శాతం. నాణెం ఎగరేసినా 50 శాతం వస్తుంది. ఇంత మంది స్కౌట్లు, ఇన్ని వీడియోలు, ఇండియానాపొలిస్‌లో కుర్రవాళ్లను నిలబెట్టి పొడుగు, బరువు, అరచేతి వెడల్పు కూడా కొలిచే ఆ పెళ్లిచూపుల తంతు, అంతా కలిసి తెచ్చిపెట్టేది ఆ రెండు శాతం. 2017లో అక్కడ జాన్ రాస్ 40 గజాలు 4.22 సెకన్లలో పరుగెత్తి అప్పటి రికార్డు నెలకొల్పాడు. సిన్సినాటి అతనిని తొమ్మిదో స్థానంలో తీసుకుంది. మొదటి ఏడాది అతను ఒక్క పాస్ కూడా పట్టలేదు. పదో స్థానంలో కాన్సస్ సిటీ తీసుకున్నది పాట్రిక్ మహోమ్స్‌ను.

ఇక్కడ నా వాదనకే అడ్డు తగిలే ఉదాహరణ ఒకటి ఉంది, దాటవేయడం న్యాయం కాదు. మహోమ్స్ కోసం కాన్సస్ సిటీ కూడా పెద్ద వెలే చెల్లించింది: 27 నుంచి 10కి జరగడానికి ఆ ఏడాది మూడో రౌండు ఎంపికను, మరుసటి ఏడాది మొదటి రౌండు ఎంపికను ఇచ్చింది. మూడు సూపర్ బౌల్స్ గెలిచాక ఆ వెల ఎక్కువ అనేవాడు ఎవడూ లేడు. అదే రోజు షికాగో, మిచెల్ ట్రుబిస్కీ కోసం మూడు నుంచి రెండుకు, అంటే ఒకే ఒక్క మెట్టు ఎక్కడానికి మరో మూడు ఎంపికలు ధారపోసింది. కాబట్టి క్వార్టర్‌బ్యాక్ విషయంలో నేను మెత్తబడతాను. ఆ ఒక్క స్థానానికి జూదం ఆడక తప్పదు. అయినా 2021లో శాన్ ఫ్రాన్సిస్కో, మూడో స్థానానికి జరిగి ట్రే లాన్స్‌ను తీసుకోవడానికి తమ మొదటి రౌండు ఎంపికలు మూడు ఇచ్చి, మరుసటి ఏడాది 262వ స్థానంలో, అంటే చిట్టచివరి ఎంపికగా దొరికిన బ్రాక్ పర్డీతో సూపర్ బౌల్‌కు వెళ్లింది. ఆ లాన్స్‌ను 2023లో మన కౌబాయ్స్ ఒక నాలుగో రౌండు ఎంపికకే తెచ్చుకున్నారు. రెండేళ్లలో అతని ధర అంత పడిపోయింది.

2014 నాటి క్వార్టర్‌బ్యాక్ జానీ మాంజియెల్ ముచ్చట ఈ ఊరివారికి కొత్త కాదు. జెర్రీ జోన్స్ మనసు అతని మీద ఉన్నా, కొడుకు స్టీఫెన్ తదితరులు నచ్చజెప్పి 16వ స్థానంలో లైన్‌మన్ జాక్ మార్టిన్‌ను తీసుకునేలా చేశారు. ముందు వరుసలో కాపు కాసే లైన్‌మన్ పేరు వినగానే ఎవరూ ఎగిరి గంతేయలేదు. మార్టిన్ లీగు మేటి ఆటగాళ్ల పోటీ అయిన ప్రో బౌల్‌కు తొమ్మిదిసార్లు ఎంపికయ్యాడు. మాంజియెల్ క్లీవ్‌ల్యాండ్‌లో రెండేళ్లు ఆడాడు.

చివరగా డిఫెన్స్ ఆటగాడు మైకా పార్సన్స్. 2021లో పదో స్థానంలో ఉన్న కౌబాయ్స్, ప్రత్యర్థి పాసులను అడ్డుకునే కార్నర్‌బ్యాక్ కోసం ఎదురుచూస్తుండగా, ఎనిమిది, తొమ్మిది స్థానాల్లో జేసీ హార్న్, పాట్రిక్ సర్టైన్ ఇద్దరూ వెళ్లిపోయారు. కౌబాయ్స్ ఆగర్భ శత్రువులైన ఈగిల్స్‌కే పదో స్థానం ఇచ్చి, 12వ స్థానమూ 84వ స్థానమూ తీసుకున్నారు. జాన్సన్ పట్టిక ప్రకారం ఇచ్చింది 1,300, పుచ్చుకున్నది 1,370. రెండు మెట్లు దిగి కూడా పార్సన్స్‌ను పట్టుకున్నారు. ఆ సాయంత్రం శత్రువుకు మేలు చేశారని తిట్టినవారే తరువాత అతని చొక్కాలు కొనుక్కున్నారు. 2025 ఆగస్టులో అదే పార్సన్స్‌ను గ్రీన్ బేకు ఇచ్చి కెన్నీ క్లార్క్‌నూ, 2026, 2027 మొదటి రౌండు ఎంపికలనూ తెచ్చుకున్నారు. ఆ నవంబరులో, 2027లో తమకున్న మొదటి రౌండు ఎంపికల్లో ఒకదానిని, మరికొన్నిటితో కలిపి, జెట్స్‌కు ఇచ్చి క్విన్నెన్ విలియమ్స్‌ను తెచ్చారు. కాబట్టి పార్సన్స్‌ను వదులుకోవడం ఒప్పా తప్పా అని వాదించేటప్పుడు క్లార్క్‌నూ, విలియమ్స్‌నూ, మిగిలిన ఎంపికలతో వచ్చేవారినీ, పార్సన్స్‌కు చెల్లించకుండా మిగిలిన జీతాన్నీ కలిపి ఒక పక్కన రాయాలి. నా మట్టుకు నాకు అప్పుడు కూడా గ్రీన్ బే వైపే కాస్త మొగ్గు కనిపిస్తోంది. ముందు వరుసలో కూర్చున్న కుర్రవాళ్ల ముఖాలు చూస్తే వారు ఒప్పుకునేలా లేరు. మైకు అటు ఇవ్వండి, వారి లెక్క విందాం.