గిన్నెకి పట్టిన గార తోమితే పోదు

అందరికీ నమస్కారం. కెమెరా కాస్త దగ్గరికి తెస్తాను, ఈ స్టీలు గిన్నె లోపల చూడండి. ఇది నీళ్ళు కాచుకోవడానికి మాత్రమే వాడే గిన్నె. అయినా నీళ్ళు ఎంతవరకు పోస్తారో అంతవరకు చుట్టూ తెల్లటి గీత, అడుగంతా మచ్చలు. గోటితో గీరితే గరగరలాడుతుంది గానీ ఊడి రాదు. ఇప్పుడు దీన్ని తడుపుతున్నాను. కనిపించకుండా పోయింది కదా? ఆరగానే మళ్ళీ తేలుతుంది. చాలామంది పోయిందనుకుని గిన్నె బోర్లించేది ఇక్కడే.

నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్ల రూపంలో కరిగి ఉంటాయి. నీళ్ళు కాగేటప్పుడు కాల్షియం బైకార్బొనేట్ విడిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, మిగిలిన కాల్షియం కార్బొనేట్ గిన్నెకి అంటుకుంటుంది. సున్నపురాయిలో, పాలరాయిలో ఉండేది కూడా ఇదే. మనం గార అనేది దీన్నే. లీటరు నీళ్ళలో ఈ ఖనిజాలు, కాల్షియం కార్బొనేట్ లెక్కన, 180 మిల్లీగ్రాములు దాటితే వాటిని బాగా కఠినమైన నీళ్ళు అంటారు. అలాంటి నీళ్ళతో రోజూ వండితే గార పట్టక తప్పదు. మీరు సరిగ్గా తోమడం లేదని ఎవరైనా అంటే మనసుకి పట్టించుకోకండి.

సబ్బు జిడ్డుని వదిలిస్తుంది, రాయిని కదిలించలేదు. స్టీలు పీచుతో బలంగా రుద్దితే గిన్నెకి గీతలు పడతాయి, చేతులు నొప్పి పెడతాయి. ఈ రాయిని కరిగించేది పులుపు, అంటే ఆమ్లం.

వెనిగర్ ఒక వంతు, నీళ్ళు ఒక వంతు కలిపి, గీత మునిగేదాకా పోయండి. సన్నని మంట మీద గోరువెచ్చన దాటి బాగా వేడెక్కనిచ్చి, ఆపేయండి. తెర్లనివ్వద్దు, ఆ ఘాటు ముక్కుకెక్కుతుంది. కిటికీ తెరిచి ఉంచండి. ఇప్పుడు అడుగున చూడండి, మచ్చల మీద నుంచి చిన్న చిన్న బుడగలు లేస్తున్నాయి. గార కరుగుతోందన్నమాట. అరగంట వదిలేసి మెత్తటి పీచుతో తుడిస్తే చాలు. బుడగలు ఆగిపోయి, గార ఇంకా మిగిలి ఉంటే పులుపు అయిపోయినట్టే. అది పారబోసి కొత్తది పోయండి. వాసన పడని వాళ్ళు నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్ పొడి, వాడండి, లీటరు వేడినీళ్ళకి రెండు చెంచాలు. నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం. పలచటి మచ్చలకి నిమ్మచెక్కతో రుద్దినా పోతాయి.

వంట సోడా, వెనిగర్ కలిపి పోసే చిట్కా చాలా వీడియోల్లో చూసే ఉంటారు. దయచేసి గార కోసం అలా చేయకండి. బుసబుసా పొంగు వస్తుంది, చూడటానికి బాగుంటుంది. కానీ ఆ సోడా వెనిగర్‌లోని పులుపుని విరిచేస్తుంది, గారని కరిగించడానికి ఏమీ మిగలదు. సోడాని మాడిన అడుగు రుద్దడానికి విడిగా వాడుకోండి.

ఇంకొక మాట, ఇది మాత్రం చాలా జాగ్రత్తగా వినండి. వెనిగర్‌లో గానీ నిమ్మ ఉప్పులో గానీ బ్లీచింగ్ ద్రావణం ఎప్పుడూ కలపకూడదు. క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులకి ప్రమాదం.

అన్ని గిన్నెలకీ ఇదే పద్ధతి పనికిరాదు. స్టీలుకి నిశ్చింతగా వాడొచ్చు. దాని మీద నీలం, బంగారు రంగుల్లో మెరిసే వేడి మరకలు కూడా ఈ పులుపుతోనే పోతాయి. సత్తు గిన్నెల్లో, అంటే అల్యూమినియంలో, నీళ్ళు కాచినచోట వచ్చే నలుపు కూడా తగ్గుతుంది. అయితే రాత్రంతా నానబెట్టకండి, లోహం తినేసి గుంటలు పడతాయి. ఇనప పెనం, మూకుడు అసలు నానబెట్టొద్దు. నూనె పట్టి గట్టిపడిన పొర పోయి తుప్పు పడుతుంది. నాన్‌స్టిక్‌కి పలచటి ద్రావణం, మెత్తటి గుడ్డ, అంతే.

ఎలక్ట్రిక్ కెటిల్ అయితే నిమ్మ ఉప్పు నీళ్ళు లోపల మాత్రమే పోయాలి, కెటిల్‌ని నీళ్ళలో ముంచకూడదు. తర్వాత బాగా కడిగి, ఒకసారి మంచినీళ్ళు కాచి పారబోయండి.

గార మళ్ళీ త్వరగా పట్టకుండా ఉండాలంటే మిగిలిన నీళ్ళని గిన్నెలో ఉంచేయకండి. కడగగానే పొడిగుడ్డతో తుడిచేయండి. చుక్క గిన్నె మీద ఆరిపోతే నీరు ఆవిరైపోతుంది, అందులోని ఖనిజం అక్కడే ఉండిపోతుంది.