తలుపు కొట్టాలా, వద్దా?

శ్రోతలకు నమస్కారం.

నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉండగా ఒక రాత్రి, రెండు దాటాక, హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఒక బొమ్మ చేత తిట్లు తిన్నాను. పక్క మంచం మీద రూమ్మేటు గురక పెడుతున్నాడు. తెల్లారితే ఇంటర్నల్ పరీక్ష. అయినా ల్యాప్‌టాప్ మూసి పడుకోబుద్ధి కాలేదు. ఆ తిట్లు నాకు తగినవే అని అప్పటికే తెలిసిపోయింది. పదేళ్ళు దాటినా ఆ రాత్రి నన్ను వదల్లేదు. ఇవాళ ఆ సంగతి చెబుతాను.

ఆ బొమ్మ పేరు హనాకో. ఆమె ఉండేది కతావా షోజో అనే కంప్యూటర్ ఆటలో. ఆట అనగానే తుపాకులు, కార్లు అనుకోకండి. దీన్ని విజువల్ నవల అంటారు. తెర మీద ఒక గదో తోటో కనిపిస్తుంది, దాని ముందు మనిషి బొమ్మ నిలబడుతుంది, కింద మాటలు అక్షరాలుగా వస్తాయి. వెనక సంగీతం. మన తోలుబొమ్మలు ఎంత ఎగిరి దూకుతాయో, ఇవి అంత కదలకుండా ఉంటాయి. రేడియో నాటకంలో గొంతులుంటాయి, బొమ్మ మనం ఊహించుకుంటాం. ఇక్కడ బొమ్మ ఉంటుంది, గొంతు మనం ఊహించుకోవాలి. చాలాసేపు చదవడమే పని. అక్కడక్కడా కథ ఆగి, ఇప్పుడేం చేస్తావని అడుగుతుంది. రెండు మూడు జవాబులుంటాయి. ఏది నొక్కితే కథ అటు పోతుంది.

ఇది పుట్టిన తీరు కూడా విచిత్రమే. రైతా అనే జపాన్ చిత్రకారుడు 2000 సంవత్సరంలో, వైకల్యాలున్న అమ్మాయిల బొమ్మలు ఒక్క పేజీలో గీసి, ఇలాంటి ఆట ఉంటే ఎలా ఉంటుందన్నట్టు వదిలేశాడు. ఏడేళ్ళకి ఆ పేజీ ఫోర్‌చాన్ అనే ఇంగ్లీషు వెబ్‌సైట్లో తేలింది. ఆ సైటుకు మంచి పేరేమీ లేదు, బూతులకీ అల్లరికీ పెట్టింది పేరు. అక్కడే పరిచయమైన కొందరు, రకరకాల దేశాలవాళ్ళు, ఫోర్ లీఫ్ స్టూడియోస్ అని పేరు పెట్టుకుని అయిదేళ్ళు కూర్చుని ఈ ఆట తయారుచేశారు. 2012 జనవరి 4న విడుదల చేశారు. పైసా తీసుకోకుండా, ఉచితంగా.

పేరు గురించి ఒక మాట చెప్పాలి. కతావా అంటే జపాన్ భాషలో అవిటి అన్నట్టు. పాత తిట్టు. మర్యాదస్తులు వాడరు. ఆ పేరు నాకు ఇప్పటికీ నచ్చదు. మన దగ్గరా ఈ మాటల పేచీ తెగలేదు. వికలాంగులు అన్నాం. ఆంధ్రప్రదేశ్‌లో శాఖకి విభిన్న ప్రతిభావంతుల సంక్షేమం అని పేరు పెట్టారు. 2015 చివర్లో ప్రధాని ఇలాగే రేడియోలో మాట్లాడుతూ దివ్యాంగులు అందామన్నారు. మా బావకి చిన్నప్పుడు పోలియో వచ్చింది. తెనాలిలో ఫోన్ల రిపేరు షాపు. ఈ పేర్ల సంగతి ఎత్తితే, "ఏ పేరుతో ఇచ్చినా పింఛనుకి వేలిముద్ర వేయాల్సిందే కదరా" అంటాడు. బావ దగ్గరికి మళ్ళీ వస్తాను.

కథ మంచులో మొదలవుతుంది. హిసావో అనే కుర్రాడికి బడి చివర చెట్ల దగ్గరికి రమ్మని చీటీ వస్తుంది. వెళితే, అతను ఇష్టపడే అమ్మాయే ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ఆమె తన మనసులో మాట చెబుతుండగా ఇతని గుండె లయ తప్పి కుప్పకూలిపోతాడు. ఆ తర్వాత నాలుగు నెలల ఆసుపత్రి. మొదట్లో స్నేహితులు పూలతో వస్తారు. తర్వాత ఒకరిద్దరు. తర్వాత ఆ అమ్మాయి ఒక్కతే. వచ్చినా ఇద్దరికీ మాటలుండవు. ఒకరోజు ఆమె కూడా రావడం మానేస్తుంది. ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. మంచం పట్టిన మనిషిని చూడ్డానికి వెళ్ళి, ఏం మాట్లాడాలో తెలియక గోడ మీది క్యాలెండర్ చూసి వచ్చిన వాళ్ళకి ఈ భాగం బాగా అర్థమవుతుంది.

గుండె ఎప్పుడైనా మొరాయించొచ్చు కాబట్టి హిసావోని యమాకు అనే బడిలో చేరుస్తారు. వైకల్యాలున్న పిల్లల బడి, నర్సు ఎప్పుడూ అందుబాటులో ఉంటాడు. అక్కడ అయిదుగురు అమ్మాయిలు. ఎమీకి మోకాళ్ళ కింద కాళ్ళు లేవు. కృత్రిమ కాళ్ళతో పరుగు పందాల్లో పరిగెడుతుంది. వాళ్ళ నాన్న పోయిన కారు ప్రమాదంలోనే ఆమె కాళ్ళూ పోయాయి. రిన్‌కి చేతులు లేవు, పాదాలతో బొమ్మలు వేస్తుంది. లిలీకి చూపు లేదు. షిజూనెకి వినపడదు, విద్యార్థి సంఘానికి అధ్యక్షురాలు, ఎవరితోనైనా పందెం కాస్తుంది. ఆమె చేతి భాషని మీషా అనే స్నేహితురాలు పైకి చెబుతుంది. హిసావో ఆ భాష నేర్చుకునేదాకా మనకీ మీషా చెప్పిందే వేదం. ఆమె ఏది చెప్పింది, ఏది మింగింది, మనకి తెలియదు.

ఇక హనాకో. చిన్నప్పుడు ఇల్లు తగలబడి తల్లిదండ్రులు పోయారు. ఒంటికి ఒక పక్కంతా కాలిన మచ్చలు. ముఖం సగం జుట్టుతో కప్పుకుని లైబ్రరీలో మూల కూర్చుంటుంది. మాట తడబడుతుంది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాని ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచినప్పుడు యాసిడ్ దాడి బాధితుల్ని కూడా చేర్చింది. ముఖం మీది మచ్చ మనిషిని ఎంత కట్టిపడేస్తుందో చట్టానికీ తెలిసిందన్నమాట.

ఆమె కథలో నేను మహా మంచివాడిగా ఆడాను. ఎవరైనా ఆమె వైపు చూస్తే అడ్డం నిలబడ్డాను. చదరంగం ఆడాను. ఒక సందర్భంలో ఆమె క్లాసులో బెదిరిపోయి, తర్వాత గదిలో తలుపేసుకుంటుంది. వెళ్ళి చూడాలా, కొన్నాళ్ళు ఆమె మానాన ఆమెని వదిలెయ్యాలా? ఇదేం ప్రశ్న? వెళ్ళాను. తలుపు కొట్టాను. లోపలికి వెళ్ళి ఓదార్చబోయాను. హనాకో విరుచుకుపడింది. తనని పనికిరానిదానిలా, చంటిపిల్లలా చూస్తున్నామని అరిచింది. నువ్వంటే అసహ్యమంది. తెర నల్లబడింది. కథ అయిపోయింది.

ఇలా ముగిసే కథలు పుస్తకాల్లో చదివాను, సినిమాల్లో చూశాను. అప్పుడు తప్పు ఆ కథలో వాడిది. ఇక్కడ మౌస్ నా చేతిలో ఉంది. నొక్కింది నా వేలు. అది మంచి పని అని నమ్మే నొక్కాను.

అప్పుడు బావ గుర్తొచ్చాడు. అంతకు రెండేళ్ళ ముందు మా పెద్దమ్మ కూతురి పెళ్ళికి బస్సులో బయల్దేరాం. అదే బస్సులో బావకి చూస్తున్న సంబంధం తాలూకు వాళ్ళు కూడా ఉన్నారు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాలికి ఊతగా ఉండే కాలిపర్ బిగించుకుని మెట్టు దగ్గరికి వచ్చాడు. నేను వెనక నుంచి చంకల కింద చేతులు పెట్టి అమాంతం పైకి లేపేశాను. బస్సులో అందరూ "మంచి పని చేశావు నాయనా" అన్నారు. బావ ఏమీ అనలేదు. దారి పొడుగునా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. కాలు నొప్పేమో అనుకున్నాను.

పరీక్ష ఎలా రాశానో వదిలెయ్యండి. సాయంత్రం ఫోన్ చేశాను. "బస్సు సంగతా? ఇప్పటికి గుర్తొచ్చిందా నీకు?" అన్నాడు. "రెండు మెట్లురా. కడ్డీ పట్టుకుని, మంచి కాలు ముందు వేసి, నడుం తిప్పితే ఎక్కేస్తాను. పది సెకన్లు. ఆ పది సెకన్లు ఆగలేకపోయావు నువ్వు." కోపంగా కాదు, ఫోన్ రిపేరుకి ఎంతవుతుందో చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఆ సంబంధం కుదరలేదు. దానికీ దీనికీ లంకె ఉందో లేదో నేను ఇప్పటిదాకా అడగలేదు.

ఆటలో నాకు నచ్చనివీ ఉన్నాయి. అయిదుగురు అమ్మాయిలు, అయిదు వైకల్యాలు, మధ్యలో ఒక అబ్బాయి ఎంచుకోవడం. చీరల కొట్టులో మడతలు విప్పించినట్టు ఉంటుంది. పెద్దవాళ్ళకి మాత్రమే తగిన సన్నివేశాలున్నాయి. అవి రాకుండా చేసుకునే వీలుంది గానీ, పిల్లల చేతికి ఇచ్చే ఆట కాదు. కెంజీ అనే పక్కగది కుర్రాడి పిచ్చి సిద్ధాంతాలు మొదట నవ్విస్తాయి, తర్వాత విసిగిస్తాయి. కానీ ఒక్క విషయంలో ఈ ఆటకి దణ్ణం పెడతాను. చివరికి ఎవరికీ ఏదీ తిరిగి రాదు. మన కథల్లో లాగా ఆఖర్న ఆపరేషన్ జరిగి కట్లు విప్పగానే చూపు రావడం ఉండదు. లిలీ చూపు రాదు. హిసావో రోజూ మాత్రలు మింగుతూనే ఉంటాడు. ప్రేమ కుదిరినా మర్నాడు పొద్దున మళ్ళీ అవే మాత్రలు.

ఆ సంక్రాంతికి పెన్‌డ్రైవులో వేసుకుని తెనాలి వెళ్ళాను. బావ షాపు మూసి రాత్రిళ్ళు ఆడాడు. ఇంగ్లీషు అంతా అర్థం కాలేదు, అడ్డుపడిన చోట నన్ను అడిగేవాడు. ముందు ఎమీ కథ ఎంచుకున్నాడు. "ఆ కాళ్ళు ఎంత తేలిగ్గా ఉన్నాయో చూడు, నా కాలిపర్‌తో పరిగెత్తమను చూద్దాం" అన్నాడు. "ఇందులో పోలియో వాళ్ళు లేరేంట్రా?" అని కూడా అడిగాడు. తర్వాత హనాకో కథలోకి వెళ్ళాడు. నేను పక్కనే కూర్చున్నాను, ముందేం జరుగుతుందో చెప్పకుండా నోరు కట్టేసుకుని.

గది తలుపు మూసుకుంది. వెళ్ళాలా, వదిలెయ్యాలా అని తెర మీద వచ్చింది. బావ మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. "పాపం, ఆ పిల్లని కాసేపు ఉండనియ్యరా" అని చేతికర్ర అందుకున్నాడు. "టీ తాగొద్దాం పద."

బండి తాళాలు బల్లకి ఆ చివర ఉన్నాయి. అందిద్దామని సగం లేచాను. మళ్ళీ కూర్చున్నాను.