పాస్‌బుక్ లేనివాళ్లని ఎక్కడ వెతకాలి?

హోస్ట్: అక్కా, ఒక ఊళ్లో రిజర్వాయరో ఫ్యాక్టరీయో వస్తుందంటే ముందు ఎవరితో మాట్లాడాలి? దానివల్ల ఎవరెవరి బతుకు దెబ్బతింటుందో రాసుకునే మీ లిస్టు ఎక్కడ మొదలవుతుంది?

అతిథి: చాలామందికి తహసీల్దార్ ఆఫీసులో మొదలవుతుంది తమ్ముడూ. పట్టాదారుల జాబితా తీసుకుంటారు, సర్పంచ్‌ని కలుస్తారు, పని అయిపోయిందనుకుంటారు. మొదట్లో నేనూ అంతే. ఒక ఊళ్లో పొద్దున పదకొండింటికి పంచాయతీ ఆఫీసు దగ్గర మీటింగ్ పెట్టాం. వచ్చినవాళ్లంతా మగవాళ్లే, భూమి ఉన్నవాళ్లే. అది నాట్ల కాలం. కూలీలంతా పొలాల్లో ఉన్నారు. ఆ సంగతి నాకు ముందే తట్టాల్సింది.

హోస్ట్: మళ్లీ వెళ్లారా?

అతిథి: ఆ రాత్రి ఎనిమిదింటికి వాడలోకి వెళ్లాం. ఒక ఇంటి ముందు ముగ్గుపిండితో ఊరి పటం గీసి, అందరికీ చింతగింజలు ఇచ్చాం. "మీకు తిండి ఎక్కడి నుంచి వస్తుందో అక్కడ పెట్టండమ్మా" అన్నాం. ఒక పెద్దావిడ గుప్పెడు గింజలూ చెరువు కింద పొలాల మీదే పోసింది. అందులో ఒక్క సెంటు కూడా ఆమెది కాదు. నాట్లు, కలుపు, కోత అన్నీ అక్కడే. ఒక గీత కార్మికుడు గట్టు మీది తాటిచెట్ల దగ్గర పెట్టాడు. పొలం ఎవరిదో, బతుకు మాత్రం ఆయనది. కోతలయ్యాక ఆ మోళ్లలో గొర్రెలు మేపుకునేవాళ్లు వేరే. వీళ్లెవరూ మా లిస్టులో లేరు.

హోస్ట్: చట్టం వీళ్లని లెక్కలోకి తీసుకోదా?

అతిథి: తీసుకుంటుంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం, మూడేళ్లుగా ఆ భూమి మీదే ప్రధానంగా ఆధారపడిన కూలీలు, కౌలుదారులు, చేతివృత్తులవాళ్లు కూడా బాధిత కుటుంబాలే. కానీ ప్రైవేటు ప్రాజెక్టుకి 80 శాతం, ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య (పీపీపీ) ప్రాజెక్టుకి 70 శాతం మంది ఒప్పుకోవాలన్న చోట అడిగేది భూయజమానుల్ని, ప్రభుత్వం నుంచి భూమి పొందినవాళ్లని మాత్రమే. కూలీ నష్టపోతాడని చట్టం ఒప్పుకుంటుంది, సమ్మతి మాత్రం అడగదు.

హోస్ట్: ఎవరితో ఎంత మాట్లాడాలో తేల్చడానికి శిక్షణల్లో నాలుగు గళ్ల పటం చెప్తారు కదా, పలుకుబడి ఒకవైపు, ఆసక్తి ఇంకోవైపు.

అతిథి: నేనూ గీస్తాను. కాకపోతే పలుకుబడి లేని గడిలో "సమాచారం ఇస్తే చాలు" అని రాసి ఉంటుంది చూడు, నాకు బాధ అక్కడే. తెలంగాణలో జీవో 123 గుర్తుందా? 2015లో వచ్చింది. భూయజమానుల దగ్గర నేరుగా కొనడానికి. కూలీల పునరావాసం ఊసే లేదు. జహీరాబాద్ దగ్గర నిమ్జ్ అనే పెద్ద పారిశ్రామిక ప్రాంతం కోసం భూములు తీసుకుంటుంటే అక్కడి వ్యవసాయ కూలీలు కోర్టుకెళ్లారు. 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జీవోనే కొట్టేశారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది, కూలీలకు సాయం చేస్తామంటూ కొత్త జీవో తెచ్చింది. పలుకుబడి లేదనుకున్నవాళ్లే కదా ఇదంతా కదిలించింది!

హోస్ట్: మరి ఎవరు ముందో మీరెలా తేలుస్తారు?

అతిథి: ఎంత పోతుంది, పోయాక ఇంకో దారి ఉందా, ఈ రెండూ ముందు అడుగుతాను. పదెకరాల ఆసామికి టౌన్లో ఇల్లుంటుంది, పరిహారం వస్తుంది. కూలీకి రెండూ ఉండవు. ఎమ్మెల్యేని, అధికారుల్ని వదిలేయమని కాదు, వాళ్లెలాగూ మనల్ని పిలిపించుకుంటారు.

అందరికన్నా కష్టం కౌలు రైతుల్ని పట్టుకోవడం. నోటిమాట కౌలు, కాగితం ఉండదు. యజమాని పక్కనుంటే "నేను కౌలుదారుణ్ణి" అని నోరు తెరవడు, వచ్చే ఏడు భూమి ఇవ్వడేమోనని భయం. అందుకే ఎరువుల కొట్టు దగ్గర ఎవరి పేరు మీద అప్పు ఉందో అడుగుతాం. తర్వాత ఇంటికెళ్లి, విడిగా మాట్లాడతాం.

హోస్ట్: ఆ ఊళ్లో తర్వాత ఏమైంది అక్కా?

అతిథి: తాటిచెట్లు లెక్కపెట్టాం, ఏ చెట్టు ఎవరు గీస్తారో పేర్లతో సహా రాశాం. రెండో మీటింగ్ వాడలోనే, రాత్రి భోజనాలయ్యాక పెట్టాం. పట్టాదారులూ అక్కడికే వచ్చారు. మొదట మాట్లాడింది ఆ పెద్దావిడే.