విడాకుల పిటిషన్ కంటే ముందు

వెనకున్నవాళ్ళు కూడా ముందుకు రండమ్మా, మైకు సరిగా లేదు.

తాగొచ్చి కొట్టే భర్త విషయం మీద సంఘం మీటింగులో ఎవరూ నోరు విప్పరు. అయిపోయాక మెట్ల దగ్గర ఒక్కొక్కరే వచ్చి, "మేడమ్, మా చెల్లెలికి..." అంటారు. ఆ చెల్లెలెవరో నాకు తెలుసు, మీకూ తెలుసు. అందుకే అందరికీ ఒకేసారి చెప్పేస్తున్నాను.

తాగొచ్చి కొట్టే భర్తతో వేగలేక వచ్చినావిడ మొదట అడిగేది, "విడాకులు ఎన్నాళ్ళకొస్తాయి?" అని. నేను అడిగేది, "మీ బంగారం ఎక్కడుంది?" అని. చాలాసార్లు ఒకటే జవాబు: ఆయన పేరు మీద గోల్డ్ లోన్‌లో ఉంది! పుట్టింటివాళ్ళు పెట్టినదీ, పెళ్ళిలో అత్తింటివాళ్ళు మీకు పెట్టినదీ స్త్రీధనమే, అంటే మీ సొంత ఆస్తే. భర్త బీరువాలో ఉన్నంత మాత్రాన ఆయనది అయిపోదని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. కానీ ఉందని రుజువు చూపాలి కదా. పెళ్ళి ఫోటోలు, నగల బిల్లులు, లోన్ రసీదు ఫోన్‌లో ఫోటో తీసి మీ అక్కకో అమ్మకో పంపించి ఉంచండి.

మీ ఒక్కరి పేరుతో బ్యాంకు ఖాతా ఉండాలి. దానికి మీ నంబరే ఉండాలి. ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తే డబ్బు వాళ్ళదే అనుకోండి. డ్వాక్రా లోన్ తీసి ఆయన చేతిలో పెట్టారా, కిస్తీలకు బ్యాంకువాళ్ళు మీ గుమ్మమే తొక్కుతారు. ఇక కొత్త సంతకాలు వద్దు.

దెబ్బ తగిలి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు మాత్రం "బాత్రూంలో జారిపడ్డాను" అనకండి తల్లీ. డాక్టరు అదే రాస్తాడు, రేపు అవతలి లాయరు అదే చదువుతాడు.

హిందూ వివాహ చట్టంలో తాగుడు అనే పేరుతో విడాకులకు విడిగా కారణం లేదు. ఆ తాగుడు వల్ల మీరు పడ్డ హింసను క్రూరత్వం కింద చూపించాలి. దానికి ఏళ్ళు పడుతుంది. అందుకే నేను ముందు 2005 నాటి గృహహింస చట్టం కింద వేయమంటాను. విడాకులు అడగకుండానే అందులో రక్షణ, ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు అడగొచ్చు. ఇల్లు అత్తగారి పేరు మీదున్నా, మీరు కాపురమున్న ఇల్లయితే ఆ హక్కు అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. జాయింటు ఖాతా, లాకరు ముట్టుకోవద్దని ఆయనకు ఆర్డరు ఇవ్వమనొచ్చు. నాకు బాగా నచ్చేది ఇంకోటుంది. ఆయన ఉద్యోగస్తుడై, కోర్టు ఇవ్వమన్న డబ్బు ఇవ్వకపోతే, జీతంలో కొంత నేరుగా మీకే ఇవ్వమని యజమానిని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. జీతం బెల్టుషాపు దాకా పోకముందే అన్నమాట. అరవై రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉంది. అలా జరగడం అరుదు, మీకు అబద్ధం చెప్పను.

భరణం కేసులో ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. మీ కుట్టుమిషన్ ఆదాయం కూడా రాయండి, దాచి దొరికితే ఆయనకే లాభం. భరణం పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్క. కాబట్టి "పండగ అయ్యాక చూద్దాం" అన్న ప్రతి నెలా మీకే నష్టం.

పెద్దమనుషులు రాయించే విడాకుల కాగితం, అది మీ కులాచారమని రుజువైతే తప్ప, కోర్టులో నిలవదు. పరస్పర అంగీకారంతో విడిపోతున్నా సరే, ఒప్పుకున్న సొమ్ము డీడీ రూపంలో చూశాకే చివరి సంతకం. "తర్వాత ఇస్తాంలే" అన్న మాటకు పెట్టిన సంతకాలు నేను చాలా చూశాను.

లాయరు ఫీజు గురించి టెన్షన్ పడకండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి. హింసలో ఉంటే 181, ప్రాణం మీదకొస్తే 112.

ఆ నంబర్లు చీటీల మీద రాయించి టేబుల్ మీద పెట్టాను. ఫోన్‌లో మాత్రం "గ్యాస్ బుకింగ్" అనో "టైలర్" అనో సేవ్ చేసుకోండి. ఇక మీరు అడగండి. చెల్లెలి పేరు మీదే అడగండి, ఏం పర్వాలేదు.